సూపర్‌మేన్‌ని కారులో విన్నాం, ఇంట్లో చూశాం | ఒహాయో వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ శనివారం పొద్దున్నే కొలంబస్ నుంచి క్లీవ్‌ల్యాండ్ బయల్దేరాం. ఐ-71 మీద రెండు గంటల పైచిలుకు దారి. మావారు డ్రైవింగ్, పులిహోర డబ్బా మా పాప ఒళ్లో, పాటల బదులు 1940ల నాటి సూపర్‌మేన్ రేడియో నాటకం పెట్టుకున్నాం. గత రెండు వారాలుగా మా ఇంట్లో రాత్రిళ్లు సూపర్‌మేన్ సినిమాలూ పాత కార్టూన్లూ, పగలు కారులో ఈ రేడియో ఎపిసోడ్లూ నడుస్తున్నాయి. నాకైతే రేడియో సూపర్‌మేనే ఎక్కువ నచ్చాడు, ఎందుకో ఈరోజు చెప్తాను.

ముందు ఊరు చూపిస్తా. ఇది గ్లెన్‌విల్ అనే పేట, ఈ వీధి కింబర్లీ అవెన్యూ. జెర్రీ సీగెల్ ఈ ఇంట్లో ఉండి సూపర్‌మేన్ కథ రాస్తే, ఇక్కడికి కాస్త దూరంలో ఉండే అతని ఫ్రెండ్ జో షుస్టర్ బొమ్మలు వేశాడు. ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలే. ఇంట్లో మనుషులు ఉంటున్నారండీ, అందుకని కెమెరా లోపలికి తిప్పను, ఫెన్సు మీద ఉన్న ఎర్రటి ఎస్ గుర్తు చూడండి చాలు. షుస్టర్ వాళ్ల ఇల్లు ఇప్పుడు లేదు కానీ, ఆ స్థలం చుట్టూ ఫెన్సుకి 1938లో వచ్చిన మొట్టమొదటి సూపర్‌మేన్ కథ పేజీలు పెద్ద పెద్ద పలకలుగా బిగించారు, రోడ్డు మీద నడుస్తూ కథ చదువుకోవచ్చు. మావాడు మొదటి పలక దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, ఇందులో ఎగరడమ్మా, దూకుతాడంతే!" అన్నాడు. నిజమే. మైలులో ఎనిమిదో వంతు దూకగలడు, ఇరవై అంతస్తుల మేడ దాటగలడు అని రాసి ఉంది. అంటే ఓ రెండొందల మీటర్లు, అంతే.

మరి ఎగరడం ఎక్కడ మొదలైంది అంటే, చాలావరకు రేడియోలో. 1940 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ఈ నాటకం మొదలైంది. వినేవాళ్లకి హీరో కనపడడు కదా, అందుకని పైకి లేచే ప్రతిసారీ "అప్, అప్ అండ్ అవే" అని తనే అరుస్తాడు, వెనక గాలి హోరు. అంతే, పిల్లాడి తల పైకి లేస్తుంది. కారులో మా పాప నిజంగానే కిటికీలోంచి పైకి చూసింది. 1941లో ఫ్లైషర్ స్టూడియో వాళ్లు కార్టూన్లు తీసినప్పుడు కూడా, దూకుతూ పడుతూ ఉంటే తెర మీద బాగుండదని ఎగరనిచ్చారు. ఆ కార్టూన్లు ఇప్పుడు చూసినా రంగులూ నీడలూ అద్భుతంగా ఉంటాయి, గొంతు మాత్రం రేడియోవాళ్లదే, బడ్ కాలియర్.

ఈ కాలియర్ గురించి ఆగి చెప్పాలి. క్లార్క్ కెంట్‌గా, అంటే సూపర్‌మేన్ మామూలు రిపోర్టర్‌లా తిరిగే వేషంలో, మాట్లాడేటప్పుడు గొంతు సన్నగా, కాస్త పైస్థాయిలో ఉంటుంది. ఇది సూపర్‌మేన్ పని అని చెప్పే ఆ డైలాగ్ దగ్గరికి వచ్చేసరికి వాక్యం మధ్యలోనే గొంతు కిందికి దించేస్తాడు. చొక్కా విప్పేదీ లేదు, కేప్ లేదు, మనిషి మారిపోయాడని చెవికి తెలిసిపోతుంది. తెర మీద నాకు దీనికి దీటుగా కనిపించింది ఒక్కటే, 1978 సినిమాలో క్రిస్టఫర్ రీవ్. తోటి రిపోర్టర్ లోయిస్ ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు కళ్లద్దాలు తీసి, భుజాలు నిటారుగా చేసి, గొంతు గట్టిగా మార్చి నిజం చెప్పబోతాడు, ఆమె గదిలోకి రాగానే మళ్లీ కుంచించుకుపోతాడు. ఆ సీన్ మేము వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. ఆ సినిమాలో ఎగిరే సీన్ల కోసం ఎంత కష్టపడ్డారో తెలిసి కూడా, నా మనసుకి తగిలింది మాత్రం ఆ కళ్లద్దాల సీనే.

మా అమ్మ చిన్నప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రం వినేదట, సినిమా మొత్తం గంటలో చెవుల్లోకి వచ్చేసేది. అది తెర కోసం తీసినదాన్ని కత్తిరించి వినిపించడం. ఈ నాటకం మొదటి నుంచీ చెవి కోసమే రాశారు, అందుకే కొత్తవి పుట్టించుకోవాల్సి వచ్చింది. జిమ్మీ ఓల్సెన్ అనే పేరున్న కుర్రాడు, ఎడిటర్ పెర్రీ వైట్, వీళ్లంతా ముందు రేడియోలో వచ్చినవాళ్లే. సూపర్‌మేన్ బలం లాగేసే రాయి క్రిప్టోనైట్ కూడా 1943లో రేడియోలో వస్తే, కామిక్స్‌లోకి 1949లో గానీ రాలేదు. అన్నట్టు, మన ఎన్టీఆర్ గారి సూపర్‌మేన్ 1980లో వచ్చింది, అందులో శక్తులన్నీ ఆంజనేయస్వామి ఇచ్చినవి. ఎగిరే వీరుడంటే మనకి ముందు గుర్తొచ్చేది ఆంజనేయుడే కదా, మా నాన్నగారు ఫోన్‌లో ఈ మాటే అన్నారు.

ఇక అసలు విషయం. 1946లో పదహారు ఎపిసోడ్ల కథ ఒకటి వచ్చింది. సూపర్‌మేన్ ఉండే ఊరు మెట్రోపాలిస్‌లో ఒక చైనీస్ కుటుంబం, వాళ్లబ్బాయి టామీ లీ బేస్‌బాల్ టీమ్‌లో బాగా బంతి విసురుతాడు. అతని వల్ల తన చోటు పోయిందని చక్ అనే కుర్రాడికి కోపం, ఆ కోపాన్ని చక్ మామయ్య వాడుకుంటాడు. ఆ మామయ్య ముసుగు ముఠాకి నాయకుడు. ఒక రాత్రి లీ వాళ్ల ఇంటి ముందు శిలువ తగలబెడతారు. ఇది ఎవరి గురించో అప్పట్లో విన్న అమెరికన్లకి ఇట్టే తెలిసిపోతుంది, కు క్లక్స్ క్లాన్, నల్లవాళ్లనీ యూదుల్నీ వలస వచ్చినవాళ్లనీ ద్వేషించే తెల్లవాళ్ల ముసుగు ముఠా. పిల్లల కార్యక్రమం, తిండి కంపెనీ స్పాన్సర్ చేసే కార్యక్రమం, యుద్ధం అయిన మరుసటి ఏడాదే అలాంటివాళ్లని ఇంత సూటిగా పట్టుకుందంటే నాకు ఆ రాసినవాళ్ల మీద గౌరవం పెరిగిపోయింది.

మావాడు కూడా స్కూల్లో బేస్‌బాల్ ఆడతాడు. శిలువ ఎపిసోడ్ అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి చక్ ఎందుకు చెప్పట్లేదు వాళ్లకి?" అని అడిగాడు. చక్‌కి జరుగుతున్నదంతా తెలుసు, భయపడుతున్నాడు. సూపర్‌మేన్ గురించి కాకుండా చక్ గురించి అడిగాడే, నాకు అదే నచ్చింది. "మామయ్య అంటే భయం నాన్నా, ఇంకా విను" అన్నాను.

తెర మీద దీనికి దగ్గరగా వచ్చింది 1951లో జార్జ్ రీవ్స్ చేసిన గంట సినిమా. భూమి లోపలి నుంచి వచ్చిన చిన్న మనుషుల్ని చంపాలని ఊరు ఊరంతా తుపాకులతో హాస్పిటల్ మీదికి వస్తే, సూపర్‌మేన్ ఎదురుగా నిలబడి ఆపుతాడు. డబ్బు తక్కువ, ఎగిరేది దాదాపు ఉండదు, ఆ నిలబడటమే సినిమా. 2025లో వచ్చిన కొత్త సినిమా కొంత ఈ క్లీవ్‌ల్యాండ్‌లోనే తీశారు, వెనక కనిపిస్తున్న టర్మినల్ టవర్ అందులో ఉంది. మా పాపకి అదే ఫేవరెట్, కుక్క ఉంది కాబట్టి.

మీ పిల్లలకి వినిపించాలంటే ఆ 1946 కథతో మొదలుపెట్టండి, ఒక్కో ఎపిసోడ్ పావుగంట లోపే, స్కూల్ డ్రాప్‌కి సరిపోతుంది. 1945లో బ్యాట్‌మన్, రాబిన్ కూడా ఇదే నాటకంలోకి వచ్చారు, వచ్చే వారం మేము అవి వింటాం. బై అండీ!