నీకెట్ల తెలుసు?

(కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడిన తల్లిదండ్రులు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొదటి సెమిస్టరులో మీకు రచన అని ఒక తరగతి ఉంటుంది. మార్కులు తక్కువ, రాసే పని ఎక్కువ. కంప్యూటర్ల పిల్లలు, కామర్సు పిల్లలు "ఇది మాకెందుకు సార్?" అని ఏటా అడుగుతారు. ఆ తరగతి చెప్పేది నేనే కాబట్టి దాన్ని నేనే పొగుడుకుంటే బాగుండదు. అందులో ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకో మీరే తేల్చుకోండి.

మీరు ఇంటర్ నుంచి వస్తున్నారు. రాసి రాసి మీ మధ్యవేలికి కాయ కాసి ఉంటుంది. రెండు మార్కులవి, నాలుగు మార్కులవి, ఎనిమిది మార్కులవి. హెడ్డింగ్ పెట్టి, స్కెచ్ పెన్నుతో కింద గీత కొట్టి, పాయింట్లు వేసి, ఎవరో తయారుచేసిన జవాబును పొల్లుపోకుండా మళ్ళీ దించడం. అదేమీ సులువు పని కాదు, నేను వెక్కిరించడం లేదు. కాకపోతే ఆ రెండేళ్ళలో "నువ్వేం చూసినావు, నీకేమనిపించింది?" అని మిమ్మల్ని అడిగినవాళ్ళు దాదాపు ఉండరు. అడిగే తీరిక ఎవరికుంది? నెత్తిమీద ఎంసెట్.

నేను మొదటి రోజే అడుగుతాను. మీ ఊరి గురించో, మీ వీధి గురించో ఒక పేజీ రాయండి అంటాను. క్లాసంతా గమ్మున అయిపోతుంది. తర్వాత వచ్చే కాగితాల్లో సగం "నేటి ఆధునిక యుగంలో" అని మొదలవుతాయి. ముద్దనూరు పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లవాడొకడు "మా గ్రామం ప్రకృతి అందాలకు నిలయం, పాడిపంటలతో కళకళలాడుతూ ఉంటుంది" అని రాసినాడు. ఆ ఊరు నేను చూసినాను. వానలు రాకపోతే అక్కడ పచ్చగా కనిపించేవి కంపచెట్లు మాత్రమే. వాడు అబద్ధమాడలేదు. ఊరి గురించి రాయమంటే అట్లే రాయాలి కాబోలు అనుకున్నాడు.

ఇంకొక పిల్లవాడి కాగితం గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఊరూ పేరూ చెప్పను, చెయ్యేటి ఒడ్డువాడు అనుకోండి చాలు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ వరదలో మునిగిన పులపుత్తూరు, మందపల్లె పేర్లు మీరంతా విన్నవే. మనుషులు పోయినారు, గొడ్లు పోయినాయి, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఆ రోజు వీడు హైస్కూలు పిల్లవాడు. వాడి మొదటి కాగితం ఇది:

"ప్రకృతి వైపరీత్యాలు మానవాళికి శాపం. వరదల వల్ల అపార ప్రాణనష్టం, ఆస్తినష్టం సంభవిస్తాయి. అధికారుల నిర్లక్ష్యమే దీనికి కారణం. ప్రభుత్వం బాధితులను ఆదుకోవాలి."

ఇందులో ఒక్క అక్షర దోషం లేదు. కానీ ఈ నాలుగు వాక్యాలూ విశాఖపట్నంలో కూర్చుని ఎవరైనా రాయగలరు. నేనేమీ కొట్టివేయలేదు, పక్కన ప్రశ్నలు రాసినాను. అపారమంటే ఎంత? ఎవరి ఆస్తి? నిర్లక్ష్యమని నీకెట్ల తెలుసు? మూడోది చూసి వాడికి కోపం వచ్చింది. "అందరికీ తెలుసు సార్" అన్నాడు. అందరూ అంటే ఎవరన్నాను. "మా నాయన చెప్పినాడు." మీ నాయన చూసినాడా? వాడు కాగితం తీసుకుని వెళ్ళిపోయినాడు. ఇక రాడేమో అనుకున్నాను. మరుసటి వారం ఇంకో కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టినాడు. అందులో ఒక ముక్క, వాడి అనుమతితోనే చదువుతున్నాను:

"నీళ్ళు తీసినాక మా చేను ఏదో మాకు తెలియలేదు. గట్లు లేవు. బోరు పైపు ఒక జానెడు ఇసుకలోంచి బయటికి కనిపించింది. మా నాయన అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటా పోయి, ఇంతవరకు మనది అన్నాడు. ఇసుక నా మోకాలు దాటి ఉంది. మా జేజి ఆ పొద్దు ఏడ్చలేదు, తర్వాత ఎప్పుడో పండక్కి ఏడ్చింది. ప్రాజెక్టు గేట్ల సంగతి ఊర్లో అందరూ చెప్తారు. నేను ఆ గేట్ల దగ్గరికి ఎప్పుడూ పోలేదు."

చివరి రెండు వాక్యాలు చూడండి. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు తాను చూసిందేదో, విన్నదేదో వేరు చేసుకున్నాడు. విన్నదాన్ని పారేయలేదు, విన్నానని చెప్పినాడు. నేను చూడలేదు అని ఒప్పుకున్నాడు కాబట్టే ఆ మోకాలి లోతు ఇసుకను మనం నమ్ముతాము. మూడోసారి రాసే ముందు లైబ్రరీకి పోయి పాత పేపర్లు తిరగేసినాడు. ఊరివాళ్ళు చెప్పేది ఒక పేరాలో, అధికారులు చెప్పింది ఇంకో పేరాలో పెట్టినాడు. రెండూ ఎక్కడ కలవడం లేదో రాసినాడు. కోపం పోలేదు, ఎందుకు పోవాలి? కాకపోతే ఇప్పుడు ఎవరిని ఏ ప్రశ్న అడగాలో వాడికి తెలుసు. పిల్లలు ఎదిగినారు అని నేను దేన్ని చూసి అంటానని ఎవరైనా అడిగితే, ఈ పిల్లవాడి రెండో కాగితం చూపిస్తాను. వాడి భాష ఒక్క వారంలో మారలేదు. మొదటి కాగితంలోని వాక్యాలకు వాడు పూచీ పడలేడు, రెండో దాంట్లోని వాటికి పడతాడు. అంతే తేడా.

తరగతిలో ఒకరి కాగితం ఒకరు చదవడం కూడా ఉంటుంది. అందరికీ బిడియం పుట్టేది ఇక్కడే. మైదుకూరు దగ్గరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి వాళ్ళ పసుపు గురించి రాసింది. తవ్వినారు, ఉడకబెట్టినారు, ఎండబెట్టినారు, మార్కెట్టుకు తోలినారు. ఒక లైనులో అయిపోయింది. పక్కన కూర్చున్న కడప టౌను అమ్మాయి "పసుపు ఉడకబెడతారా?" అని నోరు తెరిచింది. ఆ పిల్లకు పసుపంటే అంగట్లో ప్యాకెట్టు. మైదుకూరు అమ్మాయికి ఇంకా ఆశ్చర్యం: ఇది కూడా తెలియనివాళ్ళు ఉంటారా అని! తర్వాత రాసినప్పుడు ఆ ఒక్క లైను ఒకటిన్నర పేజీ అయింది. కొమ్ములు నీళ్ళలో ఉడికేటప్పుడు వచ్చే వాసన, ఉడికిందా లేదా అని వాళ్ళమ్మ పుల్లతో గుచ్చి చూడటం, పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టడం, మబ్బు పడితే ఇంటిల్లిపాదీ పట్టలకోసం పరుగెత్తడం, చివరికి డ్రమ్ములో వేసి తిప్పితే పైపొర రాలి మెరుపు రావడం. తనకు బాగా తెలిసిన సంగతే ఎదుటి మనిషికి తెలియదని ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. పక్క బెంచీలో ఒక నోరు తెరుచుకుంది, చాలు.

ఇప్పుడు మనం కూర్చున్న చోటు గురించి ఒక మాట. ఇది బ్రౌన్ బంగళా ఉండిన స్థలం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు ఇంకా ఇరవై రెండేళ్ళు నిండలేదు. మీకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద, అంతే. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి ఏ పాఠం సరైనదో తేల్చే పని చేయించినాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేసినప్పుడు 693. అక్కడితో పని అయిపోయిందని ఆయన చేతులు దులుపుకోలేదు. 1839లో మళ్ళీ వేసినప్పుడు 1164. పదేళ్ళ తర్వాత కూడా తన పుస్తకాన్ని తానే తిరగేసి పెంచిన మనిషి. రెండో ప్రతి రాయమంటే మీరు మూతి ముడుచుకుంటారు కాబట్టి ఈ సంగతి చెప్తున్నాను.

భాష గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు డిగ్రీ ఎక్కువగా ఇంగ్లీషు మీడియమే. చాలామంది తెలుగులో అనుకుని, ఫోనులో ఇంగ్లీషు చేయించి తెస్తారు. నా మాటేమంటే, మొదటి ప్రతి మీకు ఏది నోటికి వస్తే దాంట్లో రాయండి. మీ ఇంట్లో మాట్లాడే కడప తెలుగులోనే రాయండి, "ఏందప్పా" అని రాసినా నేనేమీ అనుకోను. చెప్పాల్సిన సంగతి తేలినాక ఇంగ్లీషు చేయడం నేర్పిస్తాము. సంగతి తేలకముందే ఇంగ్లీషు చేస్తే రెండూ పోతాయి.

ఫోనును అడిగితే పేజీ మొత్తం అదే రాసిస్తుంది కదా అని కొందరు నవ్వుతున్నారు, కనిపిస్తూనే ఉంది. రాసిస్తుంది. ఆ చెయ్యేటి పిల్లవాడి మొదటి కాగితం లాంటిది ఒక్క నిమిషంలో ఇస్తుంది, ఇంకా నున్నగా. మీ చేలో బోరు పైపు ఇసుకపైకి ఎంత తేలిందో మీరు చెప్పకపోతే దానికి ఎట్ల తెలుస్తుంది? ఆ జానెడు మీ దగ్గర ఉంది.

అందరూ మారతారని నేను చెప్పను. కొందరు డిసెంబరులో కూడా "నేటి ఆధునిక యుగంలో" దగ్గరే ఉంటారు, పాసై పోతారు. ఉద్యోగాల గురించి అడిగే తల్లిదండ్రులకు ఒకటే చెప్తాను: ఇంటర్వ్యూలో ఎదుటివాడు "అదెట్ల చెప్పగలవు?" అని అడిగినప్పుడు తడబడనివాళ్ళలో మా తరగతి పిల్లలు కొంతమంది ఉన్నారు.

సోమవారం రెండో పీరియడు మనది. తెల్లకాగితాలు తెచ్చుకోండి, రూళ్ళవి వద్దు. ఒక పక్కనే రాయండి, ఎడమవైపు నాలుగు వేళ్ళంత ఖాళీ వదలండి, ప్రశ్నలు అక్కడ వేస్తాను. మీ ఇంట్లో వాళ్ళు చేసే పని ఒకటి, ఏదైనా సరే, దగ్గర కూర్చుని చూసి రాసుకుని రండి. ఆదివారం ఇంటికి పోయేవాళ్ళు బస్సెక్కే ముందే కాగితాలు కొనుక్కోండి.