37వ గుంత

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు నా మేనకోడలి గురించి మాట్లాడతాను. విశాఖపట్నంలో పుట్టి, ఇక్కడే పెరిగి, ఇరవై మూడేళ్లకే వెళ్లిపోయిన పిల్ల. రేడియోలో అసలు పేరు చెప్పవద్దని మా చెల్లెలు కోరింది. అందుకని ఇంట్లో పిలుచుకున్నట్టే బుజ్జి అంటాను. పోయిన ఏడాది మార్చి మొదటి వారంలో, ఒక రాత్రి భోజనాలయ్యాక తలనొప్పిగా ఉందంది. తెల్లవారేసరికి లేదు.

ఏడాదిగా మా ఇంట్లో ఆ ఒక్క రాత్రి గురించే మాట్లాడుతున్నాం. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ మా చెల్లెలు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, ఏ మాత్ర వేశారు, ఆటో ఎంతసేపటికి దొరికింది, డాక్టరు ఏమన్నారు. వచ్చినవారు అడిగేవీ అవే. "ముందు నుంచీ ఏమీ తెలియలేదా?" అని ఒకరు. "రాత్రిపూట సముద్రం ఒడ్డున తిరిగే పిల్ల కదా, ఏ గాలో సోకి ఉంటుంది" అని ఇంకొకరు. ఆ మాట అన్న పెద్దావిడను వీధి గుమ్మం దాకా సాగనంపి, మళ్లీ మా ఇంటికి రావద్దని చెప్పాను. అలా చెప్పడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.

గాలీ కాదు, దిష్టీ కాదు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమని గోడ కొందరిలో ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. వైద్యులు దాన్ని ఎన్యూరిజం అంటారు. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇలాంటి ఉబ్బు ఉంటుందట. వారిలో చాలామందికి అది ఉన్నట్టే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. ఏ కొద్దిమందిలోనో పగులుతుంది. తల్లి పెంపకం వల్లా కాదు, పిల్ల తిరుగుళ్ల వల్లా కాదు. ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి, పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వస్తే, మాత్ర వేసి పడుకోబెట్టకండి. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక ఆ రాత్రిని పక్కన పెడతాను. బుజ్జికి ఆ రాత్రి కాక ఇరవై మూడేళ్లు ఉన్నాయి.

బుజ్జి కోపిష్ఠి. అన్నం దగ్గర అలిగితే పెరుగన్నం వరకూ అలకే. లైబ్రరీ పుస్తకాలు గడువుకు ఒక్కసారీ తిరిగి ఇచ్చి ఎరగదు. ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ తింటే పొట్లం అడుగున మిగిలిన నిమ్మరసం కూడా వదిలేది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఊడ్చేసినప్పుడు చిన్నపిల్ల. కరెంటు లేని ఆ రోజుల్లో మూడో అంతస్తులోని ముసలి దంపతులకు చిన్న బిందెతో నీళ్లు మోసింది. ఎవరూ మోయమనలేదు. తల్లి వద్దని తిట్టినా మానలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీలో చేరాక ఆ పిల్ల తాబేళ్ల వెంట పడింది. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. రాత్రిపూట వస్తాయి కాబట్టి సాయంత్రం షికారుకు వెళ్లే మనకు కనిపించవు. కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వి తినేస్తాయని, అటవీ శాఖవారు తీరం వెంట అక్కడక్కడా కంచెలు కట్టి, గుడ్లను తెచ్చి అందులో పూడ్చి కాపాడతారు. రాత్రి కాపలాకు మత్స్యకారుల్లోంచే మనుషులను పెట్టుకుంటారు. జోడుగుళ్లపాలెం వైపు అలా కాపలా ఉండే ఒక తాత వెంట బుజ్జి నడవడం మొదలుపెట్టింది.

నేను ఓడరేవులో లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఒక ఆదివారం బుజ్జి లావుపాటి నోటుబుక్కు తెచ్చి, "మామయ్యా, రిజిస్టరుకు గళ్లు ఎలా గీయాలో నేర్పు" అంది. స్కేలు పెట్టి ఇద్దరం గీశాం. తేదీ, గంట, చోటు, గుడ్లు, గుంత సంఖ్య. చివరి గడికి "బయటికొచ్చినవి" అని పేరు పెట్టింది. "దాన్ని ఎప్పుడు నింపుతావు?" అన్నాను. "నెలన్నర ఆగాలి, ఒక్కోసారి రెండు నెలలు" అంది. ఆదాయం ఎప్పుడొస్తుందో తెలియని ఖాతా అన్నమాట అన్నాను. నవ్వింది.

ఒక రాత్రి నన్నూ తీసుకువెళ్లింది. తెల్లని వెలుగు పడితే తాబేలు బెదిరి వెనక్కి పోతుందని టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టి, రబ్బరుబ్యాండు వేసింది. మిఠాయి పెట్టె మీది కాగితం అది. చాలాసేపు నడిచాక తాత ఆగి ఇసుక చూపించాడు. నీళ్లలోంచి ట్రాక్టరు చక్రం దొర్లి వచ్చినట్టు ఒక జాడ. దాని చివర తాబేలు. గుడ్లు పెట్టడం అయిపోయి గుంత పూడుస్తోంది. పూడ్చాక ఒళ్లంతా ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ వాల్చి డిప్పతో ఇసుకను అదమసాగింది. చీకట్లో దబ్ దబ్‌మని ఆ చప్పుడు. తాబేలు దరువు వేయగలదని నాకు అరవై ఏళ్లకు తెలిసింది. దాని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుస్తోందేమో అన్నాను. "కాదు మామయ్యా, ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పంపిస్తుంది" అంది బుజ్జి.

అది సముద్రంలోకి వెళ్లేదాకా కదలలేదు. తర్వాత తాత సన్నని కర్రతో ఇసుకలో పొడిచి చూశాడు. కర్ర మెత్తగా దిగిన చోట తవ్వారు. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు, వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా ఉన్నాయి. బుజ్జి ఒక్కొక్కటే తీసి, తిప్పకుండా, తీసిన తీరునే బకెట్‌లోని ఇసుకలో పెడుతూ పైకి లెక్కపెట్టింది. అటూ ఇటూ తిప్పితే లోపలి పిల్ల బతకకపోవచ్చట. నూట నాలుగు. మళ్లీ మొదటి నుంచి కళ్లతో లెక్కపెట్టుకుంది. నూట నాలుగే. ఓడరేవులో నా దగ్గర పనిచేసిన కుర్రవాళ్లలో అంత నమ్మకంగా లెక్క చూసినవారు ఇద్దరో ముగ్గురో.

ఆ నోటుబుక్కు వెనకవైపు నుంచి ఇంకో లెక్క ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లది. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరికి పైకి రావాల్సిందే. మరపడవల పెద్ద వలల్లో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్లలోనే మునిగి చస్తుంది. వాటి డిప్ప పొడవు కొలవడానికి బుజ్జి వాళ్లమ్మ కుట్టుమిషను టేపు ఎత్తుకుపోయేది. టేపు నీచువాసన ఎందుకు వేస్తోందో మా చెల్లెలికి రెండు నెలల దాకా అంతుపట్టలేదు. తెలిశాక జరిగిన గొడవకు నేనే మధ్యవర్తిని. కొత్త టేపు కొనిచ్చాను. బుజ్జి పాతదే ఉంచుకుంది.

పోయిన రోజున కళ్లు దానం చేశారు. వాళ్ల నాన్న ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

పన్నెండో రోజు కూడా అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఆ కాపలా తాత మా చెల్లెలి ఇంటికి వచ్చాడు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏమైంది, ఎలా అయింది అని అడగలేదు. మంచినీళ్లు తాగి, "మీ అమ్మాయి నన్ను ఒకసారి బాగా తిట్టిందమ్మా" అన్నాడు. తెగిన వలముక్క ఒకటి ఇసుకలో పారేశాడట. తాబేలు పిల్లలకు అడ్డం పడుతుందని గట్టిగా కోప్పడిందట. మర్నాడు సిగ్గుపడుతూ టిఫిను డబ్బాలో పులిహోర తెచ్చి ఇచ్చిందట. "అందులో పల్లీలు మాడిపోయాయి. తనే చేశానంది."

మా చెల్లెలు అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. తల ఎత్తి, "పులిహోర చేసిందా? దానికి పులిహోర చేయడం రాదే!" అంది. వచ్చో రాకో చేసిందని ఆయన అన్నాడు. పన్నెండు రోజుల్లో మా చెల్లెలు మొదటిసారి ఇంకొకరిని ప్రశ్నలు అడిగింది. ఏ రోజున? ఏ డబ్బా? ఇంకేమంది? కూతురి గురించి తనకు తెలియని ఒక పూటను ఆయన తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పరామర్శ అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. మీరు ఎవరి ఇంటికైనా అలా వెళ్లాల్సి వస్తే, ఆ బిడ్డ గురించి మీకు తెలిసినది ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా, పట్టుకెళ్లండి. చివరి రోజు సంగతి వాళ్లకు తెలుసు.

లేవబోతూ ఆయన ఇంకో మాట అన్నాడు. బుజ్జి పూడ్చిన గుంతలు కొన్ని ఇంకా విచ్చుకోలేదని, చివరిది 37వ గుంత అని.

నోటుబుక్కు తీసి చూశాం. ఉప్పుగాలికి అట్ట ఉబ్బిపోయి ఉంది. ఫిబ్రవరి మూడో వారం, రాత్రి రెండు గంటల పది నిమిషాలు, గుడ్లు 112, గుంత 37. చివరి గడి ఖాళీ.

ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున తాత ఫోను చేశాడు. ముగ్గురం వెళ్లాం. కంచె లోపల వరసగా పుల్లలు, ఒక్కో పుల్లకు ప్లాస్టిక్ కవరులో ఒక చీటీ. 37 అని బుజ్జి దస్తూరీ. ఆ పుల్ల దగ్గర ఇసుక కుంగి, నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. అరచేతిలో సగం లేవు. తాత వాటిని తీసి వెడల్పాటి తొట్టిలో వేస్తుంటే మా చెల్లెలు లెక్కపెట్టింది. నలభై దాటాక గొంతు పూడిపోయి ఆగింది. మిగతావి వాళ్ల నాన్న లెక్కపెట్టాడు. తూర్పున వెలుగు వస్తుండగా తడి ఇసుక మీద వదిలాం. వెయ్యింటిలో ఒకటి పెరిగి పెద్దదైతే గొప్ప అని బుజ్జి చెప్పేది. ఆ ఒకటీ ఆడదైతే పుట్టిన తీరానికే తిరిగి వస్తుందనీ చెప్పేది. అల వచ్చి మొదటి వరసను తీసుకుపోయింది. కొన్నిటిని వెనక్కి విసిరేసింది. అవి మళ్లీ లేచి నడిచాయి.

మా చెల్లెలు ఇసుకలోనే కూర్చుని నోటుబుక్కు తెరిచింది. 37వ గుంతకు ఎదురుగా 91 అని వేసి, పెన్ను మూత పెట్టింది. కాసేపటికి మళ్లీ లేచి, "బాబాయ్, లోపల ఇంకేమైనా మిగిలాయేమో చూస్తావా?" అంది. ఆయన గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి, పెంకులు తోసుకుంటూ ఇసుకను పిడికెడు పిడికెడు తోడాడు. అడుగు నుంచి ఒకదాన్ని తీశాడు. కళ్ల నిండా ఇసుక, కదలిక లేదు. దోసిట్లో పెట్టి మెల్లగా ఊదాడు. ముందు కాలు ఒకటి కదిలింది.

దాన్ని మా చెల్లెలే తీసుకువెళ్లి నీటి అంచున వదిలింది. అల తీసుకుపోయాక తిరిగి వచ్చి, 91ని ఒక గీత పెట్టి కొట్టేసి, పక్కన 92 అని రాసింది.