నాలుగు డబ్బాలు, మామ్మ ముక్కు

శ్రోతలకు నమస్కారం. ముందే ఒప్పేసుకుంటాను: నేను పైపు తాగను. చుట్టా, సిగరెట్టూ కూడా ఎరగను. మరి పైపు పొగాకు రుచుల గురించి మాట్లాడడానికి ఈయనకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. ఒకనాటి సాయంత్రం మా మామ్మ పక్కన కూర్చుని నాలుగు డబ్బాలు వాసన చూశాను. ఉన్న అర్హతల్లా అదే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర పల్లె. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊరు. ఓడ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఎక్కువ. మా చిన్నాన్న కూడా అలా వెళ్లినవాడే. 1983 వేసవిలో సెలవుకు వచ్చి, ట్రంకుపెట్టెలో లుంగీల మడతల్లోంచి నాలుగు రేకు డబ్బాలు బయటికి తీశాడు. ఓడలో ఒక అధికారిని చూసి పైపు నేర్చుకున్నాడట. డబ్బాలు అరుగు మీద వరసగా పెట్టి, "అమ్మా, వీటిలో ఏది మేలో నువ్వు చెప్పు" అన్నాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. మామ్మ పెళ్లినాటి నుంచీ తన చుట్టలు తనే చుట్టుకున్న మనిషి. సంతలో పొగాకు కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని, నిరుటిదో ఈ ఏటిదో చెప్పేసేది.

మొదటిది వర్జీనియా. పలకగా నొక్కి, సన్నగా కోసిన పసుపుపచ్చ ఆకు. మామ్మ వాసన చూసి, "గడ్డివాములో బెల్లం దాచారురా" అంది. సరిగ్గా చెప్పింది. ఈ ఆకును మన ప్రకాశం జిల్లాలోనూ పండిస్తారు. కోసిన ఆకును బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వేలాడదీసి, పొగ తగలకుండా గొట్టాల వేడితోనే వారం రోజుల పాటు మెల్లగా ఆరబెడతారు. మొదట్లో సన్నని వేడికి ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తరువాత వేడి పెంచేసరికి ఆ చక్కెర ఖర్చు కాకుండా ఆకులోనే నిలిచిపోతుంది. తీపి వాసనకు కారణం అదే.

రెండోది బర్లీ. గోధుమరంగు ఆకు. దీనికి నిప్పుతో పని లేదు. నీడలో, గాలికి వారాల తరబడి ఆరుతుంది. ఆ వ్యవధిలో ఆకు తన చక్కెరను తానే తినేస్తుంది. అందుకని తీపి ఉండదు, వేయించిన గింజల కమ్మదనం మాత్రం ఉంటుంది. మామ్మ దానికి పెద్ద విలువ ఇవ్వలేదు. "పలాస జీడిపప్పు బట్టీ పక్కన నిలబడ్డట్టుంది" అని మూత పెట్టేసింది. కంపెనీవాళ్లకు మాత్రం ఇది బంగారం. కోకో పోసినా, బెల్లపు పాకం పోసినా స్పంజిలా పీల్చుకుంటుంది. డబ్బా మీద పళ్ల బొమ్మలున్న పొగాకుల్లో చాలావాటికి ఆధారం ఈ చప్పటి ఆకే.

మూడో డబ్బా తెరవగానే మామ్మ తల వెనక్కి లాక్కుంది. "ఇది పొగాకు కాదురా. ఎండుచేపల బుట్టను పొయ్యి మీద అటక మీద మరిచిపోయారు!" నల్లని ఆకు. పేరు లటాకియా. సిరియాలో ఒక రేవు పట్టణం పేరు అది. ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. ఎండిన ఆకును గదిలో వేలాడదీసి, కింద సువాసన గల కట్టెలు, పొదలు కాల్చి, ఆ పొగను వారాల పాటు పట్టిస్తారు. మామ్మ నోటి నుంచి వచ్చింది ఎగతాళి కాదు, అక్షరాలా తయారీ పద్ధతి. దీన్ని ఒంటిగా తాగేవాళ్లు అరుదు. కూరలో ఇంగువలా, మిగతా ఆకుల్లో కలుపుతారు.

నాలుగోది వర్జీనియాలో కొద్దిగా పెరీక్ కలిపింది. అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున, లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ అనే చోట పెరీక్ తయారవుతుంది. తడి ఆకును పాత సారా పీపాల్లో కుక్కి, పైన బరువు పెట్టి, దాని రసంలోనే దాన్ని నెలల తరబడి ఊరనిస్తారు. మధ్యలో తీసి, గాలి తగిలించి, మళ్లీ కుక్కుతారు. చిన్నాన్న ఇదంతా చెప్పకముందే మామ్మ కళ్లు మూసుకుని, "ఊరగాయ జాడీ. పాతది. అడుగున మిగిలిన ఊట" అంది. ఆ డబ్బా తన ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఇవ్వలేదు.

చిన్నాన్న పైపు వెలిగించి రుచి చూద్దామనుకున్నాడు గాని, అక్కడ ఒక పొరపాటు చేశాడు. ఉన్నది ఒకే పైపు. ఆ కట్టె వాసనను పట్టి ఉంచుకుంటుంది. లటాకియా తాగిన పైపులో తరువాత ఏది వేసినా, చేపలు వేపిన మూకుడులో పూరీలు వేసినట్టే. తెలిసినవాళ్లు లటాకియాకు వేరే పైపు ఉంచుకుంటారు. ఆకు తడిగా ఉంటే కాస్త ఆరనిస్తారు. లేకపోతే వేడి ఆవిరి నాలుకను చురుక్కుమనిపిస్తుంది. పొగను గుండెల్లోకి పీల్చరు, నోట్లోనే తిప్పి కొంచెం ముక్కులోంచి వదులుతారు. ఎందుకంటే నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మరొక కమ్మదనం, అంతే. గడ్డి, జీడిపప్పు, ఊరగాయ అన్నీ ముక్కు చెప్పే కబుర్లే. ఇంకో తమాషా ఏమిటంటే, తాగేవాడికి తెలిసే రుచి వేరు, గదిలో ఉన్నవాళ్లకు తగిలే వాసన వేరు. ఆ రాత్రి పిన్ని చిన్నాన్నను పైపుతో సహా పెరట్లోకి పంపేసింది.

ఇక మామ్మ నోటి సంగతి. ఆవిడది అడ్డపొగ. అంటే మండే కొన నోట్లో పెట్టుకుని తాగడం. మన తీరంలో ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. ఎందుకని అడిగితే, "గాలికి ఆరదు, చంటిదాని మీద నుసి రాలదు" అనేది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ అనే పత్రికలో ఆంధ్రప్రదేశ్‌లోని అడ్డపొగ మీద ఒక అధ్యయనం వచ్చింది. 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, అంగిలి మీద ఆ నిప్పు చేసే హానిని నమోదు చేశారు. మామ్మ నోరు ఎవరూ చూడలేదు. 1984లో చిన్నాన్నే విశాఖ తీసుకెళ్లి దంతవైద్యుడికి చూపించాడు. ఆయన లైటు వేసి, నన్నూ వంగి చూడమన్నాడు. అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మధ్యలో ఆవగింజలంత ఎర్రని చుక్కలు. ఇంకా క్యాన్సర్ కాదన్నాడు. చుట్ట తిప్పి పెట్టుకుంటే సరిపోతుందా అని చిన్నాన్న అడిగితే, ఎటు తిప్పినా చుట్ట చుట్టేనన్నాడు.

మామ్మ ఒక్కసారిగా మానలేదు. పగటి చుట్టలు పోయాయి, రాత్రి పడుకునే ముందు ఒకటి చాలాకాలం మిగిలింది. పగలు నోరు లాగినప్పుడల్లా నాలుగో డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ బిగించేది. మూడేళ్ల తరువాత ఒకరోజు నన్ను పిలిచి డబ్బా చేతిలో పెట్టింది.

"దీని ఊట అయిపోయిందిరా. మీ చిన్నాన్నకు ఉత్తరం రాసినప్పుడు ఇంకొకటి తెమ్మని రాయి. చేపల బుట్ట మాత్రం వద్దను."