తీరిక లేనివాళ్ళ రాత

శ్రోతలకు నమస్కారం.

జనవరి మొదటి వారంలో మన ఇళ్ళకు డైరీలు వస్తాయి. బ్యాంకు వాళ్ళు ఒకటిస్తారు, ఎల్‌ఐసీ ఏజెంటు ఒకటిస్తాడు, మందుల కంపెనీ డైరీ ఒకటి ఎవరో తెచ్చి పెడతారు. మొదటి పేజీలో పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు కుదురుగా రాసుకుంటాం. జనవరి ఒకటో తారీఖు పేజీ నిండిపోతుంది. రెండు, మూడు తారీఖులూ పర్వాలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు డైరీ ఇంట్లోనే ఉండిపోతుంది. తిరిగొచ్చి ఆ ఖాళీ పేజీలు చూశాక మళ్ళీ పెన్ను పట్టబుద్ధి కాదు. ఉగాది నాటికి అది ఇస్త్రీ బట్టల లెక్కకో, పిల్లల రఫ్ వర్కుకో పోతుంది.

ఎందుకు మానేశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: తీరికేదండీ?

అది సాకు అని కొట్టిపారేయలేను. కుళాయి వచ్చే వేళకు లేచి, బిందెలు నింపి, ముగ్గురికి మూడు రకాల బాక్సులు కట్టి, ఏడున్నర బస్సు అందుకోవడానికి పరుగెత్తే మనిషిని ఆపి, రోజుకో గంట రాసుకోండమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని ఇవాళ తీరిక ఎలా సంపాదించాలో చెప్పను. తీరిక లేనివాళ్ళు ఎలా రాశారో, ఇప్పటికీ ఎలా రాస్తున్నారో చెబుతాను.

ఈ మాట వచ్చినప్పుడు సాధారణంగా ఒక ఇంగ్లీషు నవలాకారుడిని ఉదాహరణగా చెబుతారు. ఆంథొనీ ట్రాలప్. పందొమ్మిదో శతాబ్దం వాడు, పోస్టాఫీసు ఉద్యోగి. ఛానెల్ దీవుల్లో 1852లో రోడ్డు పక్కన పోస్టు డబ్బాలు పెట్టించింది ఆయన సిఫారసు మీదే. మొత్తం నలభైకి పైగా నవలలు రాశాడు, వాటిలో చాలావాటిని ఆ ఉద్యోగం చేసుకుంటూనే. ఉదయం ఐదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చునేవాడు. ముందు రోజు రాసింది ఓ అరగంట చదువుకునేవాడు. తర్వాత వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. వారానికి ఎన్ని పేజీలు అయ్యాయో దుకాణం పద్దులా ఒక పుస్తకంలో వేసుకునేవాడు. లెక్క తగ్గిన వారం ఆ పుస్తకమే తనను నిలదీసేదట.

వినడానికి బాగుంటుంది. కానీ ఆయన ఆత్మకథలోనే ఇంకో సంగతి ఉంది. దాన్ని మన వ్యక్తిత్వ వికాసం వాళ్ళు చెప్పరు. తెల్లవారుజామున ఆయన్ని లేపి కాఫీ ఇవ్వడానికి ఒక ముసలి నౌకరు ఉండేవాడు. అందుకోసం వాడికి ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. తన విజయానికి అందరికన్నా ఎక్కువగా వాడికే రుణపడి ఉన్నానని ట్రాలప్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. మన ఇళ్ళలో చిక్కంతా ఇక్కడే ఉంది. రాయాలని ఉన్న మనిషి, పొద్దున్నే లేచి అందరికీ కాఫీ పెట్టే మనిషి చాలాసార్లు ఒక్కరే.

కాబట్టి ఆయన ఐదున్నరను ఆయనకే వదిలేద్దాం. ఆయన దగ్గర మనకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతున్నప్పుడు రైల్లో ఎక్కువ సమయం పోతోందని గమనించాడు. ఒళ్ళో ఒక పలక పెట్టుకుని పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళు చూస్తున్నారని మొదట్లో మొహమాటపడ్డాడు, తర్వాత అలవాటైపోయింది. ఆ పెన్సిలు రాతను ఇంటి దగ్గర భార్య సాపు చేసి పెట్టేది. చూశారా, అక్కడా ఒక ఆడమనిషి చాకిరీ ఉంది. సరే, ఆ సంగతి అటుంచితే, రైల్లో సీటు దొరికిన అరగంట మనకూ ఉంటుంది. సిటీ బస్సులో నిలబడే ప్రయాణమైతే ఉండదు, అది వేరే సంగతి.

అసలు రోజూ రాయడం మనకేమీ కొత్త కాదు. రామకోటి రాసేవాళ్ళు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. గళ్ళ పుస్తకం, ఒక్కో గడిలో ఒక్కో "శ్రీరామ". మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంట్లు సింకులో వేశాక, ఫ్యాను కింద చాప మీద కూర్చుని రాసే పెద్దమ్మలను చూడండి. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తి కావడానికి ఇరవై ఏడేళ్ళు దాటుతుంది. ఆ లెక్క తెలిస్తే మనమైతే మొదలే పెట్టం. వాళ్ళు మొదలుపెడతారు. పుస్తకం నిండితే భద్రాచలం వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తారు, ఇంకో పుస్తకం తెరుస్తారు.

భక్తి ఉంది కాబట్టి రాస్తారు అంటారేమో. నిజమే. అయినా భక్తి ఉన్నవాళ్ళందరికీ ఈ పని సాగడం లేదు. సాగినవాళ్ళ పద్ధతి గమనించండి. పెన్ను పుస్తకంలోనే ఉంటుంది, వెతుక్కోరు. వేళ గడియారాన్ని బట్టి కాదు, భోజనాన్ని బట్టి ఉంటుంది. భోజనం ఒకరోజు పన్నెండున్నరకు, ఒకరోజు రెండింటికి అవుతుంది. రాత దాని వెనకే వస్తుంది. పైగా, ఇవాళ మూడ్ లేదని గానీ, నిన్నటి శ్రీరామ కన్నా ఇవాళ్టిది బాగా రాలేదని గానీ వాళ్ళకు ఎప్పుడూ అనిపించదు.

ఆ చివరిది మనకు చాలా ముఖ్యం. టైము కన్నా ఎక్కువగా మన చేతిని పట్టి ఆపేది, ఏం రాయాలి, బాగా రాకపోతే ఎలా అన్న బెంగ. డైరీ తెరవగానే మనకు ఎక్కడలేని గాంభీర్యం వస్తుంది. జీవితం గురించి, కాలం గురించి ఏదో చెప్పాలనిపిస్తుంది. నాలుగు రోజుల్లో ఆ సరుకు అయిపోతుంది.

ఇక్కడ మనకు దారి చూపించే మనిషి ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు ఉద్యోగం చేసేవారు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. రైళ్ళు లేని రోజులు. ఇంటివాళ్ళు, బోయీలు, పనివాళ్ళు అందరూ కలిపి సుమారు వంద మంది వెంట ఉన్నారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, గంజాం మీదుగా మన కోస్తా జిల్లాలు దాటుకుంటూ 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పైమాటే. అంతమందికి రోజూ బస చూడాలి, తిండి చూడాలి, వాగు పొంగితే దాటించాలి, జ్వరం వస్తే మందు చూడాలి. మనకు పని ఎక్కువైందని అనుకున్నప్పుడల్లా ఆ వంద మందిని ఒకసారి తలచుకోవచ్చు.

అంత హడావిడిలోనూ ఆయన మజిలీ మజిలీకీ రాస్తూ వచ్చారు. ఏం రాశారు? ఇక్కణ్ణించి ఫలానా ఊరు ఎన్ని కోసులు. దారిలో రాళ్ళున్నాయా, ఇసక ఉందా. నీళ్ళు బాగున్నాయా. దిగడానికి చోటుందా. అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా. దేవుడి దర్శనం సంగతి, గుడి పద్ధతులు, అక్కడి మనుషుల తీరు, దొరల పాలన ఇవన్నీ కూడా రాశారు. కానీ చాలా పేజీల్లో కనిపించేది ఆ దారి, ఆ నీళ్ళు, ఆ అంగళ్ళే. ఆ రోజున ఆయన పక్కనున్నవాళ్ళకు అవి చప్పిడి వివరాలే అయి ఉంటాయి. నీళ్ళు బాగున్నాయని కూడా రాసుకోవాలా అని ఎవరైనా నవ్వి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇవాళ ఆనాటి తెలుగు ఊళ్ళు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఆ పుస్తకమే తిరగేస్తారు. భాష కూడా అంతే. పద్యాల జోలికి పోకుండా, అప్పటి చదువుకున్నవాళ్ళ మాటతీరుకు దగ్గరగా రాసుకుపోయారు.

ఇంకో సంగతి. ఆయన గాలిలోకి రాయలేదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై అనే స్నేహితుడు అడిగాడు, ఆయనకోసం రాసి పంపారు. ఆ పిళ్ళైగారే 1838లో దాన్ని కాశీయాత్ర చరిత్ర అనే పేరుతో అచ్చు వేయించారు. అప్పటికి రెండేళ్ళ కిందటే వీరాస్వామయ్యగారు పోయారు. చదివేవాడు ఒక్కడు ఖాయంగా ఉంటే చాలు, రాసేవాడికి ఏం రాయాలన్న బెంగ సగం తగ్గుతుంది. ఎవరికి చెబుతున్నామో తెలుస్తుంది కాబట్టి మాట తడుముకోం.

మీరూ ఆ పని చేయొచ్చు. డల్లాస్‌లో ఉన్న కూతురికో, హాస్టల్లో ఉన్న కొడుక్కో, లేదా ఇరవై ఏళ్ళ తర్వాతి మనవరాలికో చెబుతున్నట్టు రాయండి. ఇవాళ టమాటా కిలో ఎంత పెట్టి కొన్నారో రాయండి. వీధి చివర కొట్టు ఎందుకు మూతపడిందో రాయండి. పనమ్మాయి తన పిల్లను ఏ బళ్ళో వేసింది, బస్సులో పక్క సీటావిడ ఫోన్లో ఎవరితో పోట్లాడింది, ఏదైనా సరే. నాలుగు వాక్యాలు చాలు. అందులో గొప్ప భావం ఏదీ లేకపోయినా నష్టం లేదు. ధరలు మాత్రం తప్పకుండా రాయండి. పదేళ్ళ తర్వాత ముందు వాటినే చదువుతారు.

ఆ మాటకొస్తే వంటింటి గోడ మీద ఉన్న క్యాలెండరు చూడండి. గ్యాసు బండ మార్చిన తేదీ, పాలు రాని రోజున సున్నా, చీటీ డబ్బు కట్టాల్సిన రోజు, అమ్మవారి జాతరకు చుట్టాలు వచ్చిన రోజు, అన్నీ ఆ గడుల్లో ఉంటాయి. అది రాసిన ఆవిడను అడిగితే, నేనెప్పుడూ ఏమీ రాయలేదండీ అంటుంది. డిసెంబరు అయిపోగానే ఆ క్యాలెండరును అటకమీద పెట్టేవాళ్ళు కొందరు, పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళు కొందరు. దయచేసి అట్టలు వేయకండి.

వాట్సాప్ సంగతి కూడా చెప్పుకోవాలి. రోజుకు ఒక పేజీ రాయలేం అనేవాళ్ళం రోజూ ఫోన్లో ఎన్ని మాటలు టైపు చేస్తున్నామో ఎప్పుడైనా చూసుకున్నామా? అక్కయ్యకు పెళ్ళి విశేషాలు చెబుతూ పంపిన మెసేజీ ఒక్కోసారి కథలాగే ఉంటుంది. ఫోను మారిస్తే పోతుంది, అంతే. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పంపిన వాటిలో ఒకటి తీసి నోటుపుస్తకంలోకో, ఫోన్లోనే విడిగా ఒక ఫైల్లోకో ఎక్కించండి. ఆ రోజు రాత అయిపోయినట్టే. టైపు చేయడం విసుగైతే ఫోనుకు తెలుగులో చెప్పినా రాసిపెడుతుంది. మన యాసను ఒక్కోసారి అది చిత్రవధ చేస్తుంది గానీ, తర్వాత దిద్దుకోవచ్చు. వంట చేస్తూ, నడుస్తూ కూడా చెప్పొచ్చు కాబట్టి చేతులు ఖాళీ లేనివాళ్ళకు అది మేలే.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏ అలవాటైనా కుదురుతుందని చాలామంది చెబుతారు. నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని గమనించి చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. అందులో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పట్టవచ్చని తేలింది. అదీ రాయడం లాంటి పనులకు కాదు, పండు తినడం, నీళ్ళు తాగడం, కాసేపు పరుగెత్తడం లాంటి వాటికి. ఆ పనిని టిఫిన్ తర్వాత, భోజనం తర్వాత అని రోజూ జరిగే ఇంకో దానికి ముడిపెట్టుకోమన్నారు. మన రామకోటి పెద్దమ్మలు ఏ యూనివర్సిటీ చెప్పకుండానే అది చేస్తున్నారు. అదే పరిశోధనలో ఇంకో ఊరట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదట. మనల్ని దెబ్బతీసేది తప్పిన రోజు బాకీ తీర్చాలన్న పట్టుదల. మూడు రోజుల రాత ఒకేసారి రాయాలని కూర్చుంటే నాలుగో రోజూ పోతుంది. సంక్రాంతికి ఊరెళ్ళిన పేజీలను అలాగే ఖాళీగా ఉండనివ్వండి. వచ్చిన రోజు తారీఖు వేసి అక్కణ్ణించి మొదలుపెట్టండి. తారీఖులు అచ్చు వేసిన డైరీ కన్నా మామూలు లాంగ్ నోటుబుక్ మేలని నేననేది అందుకే. ఖాళీ పేజీలు ఎదురుగా నిలబడి దెప్పిపొడవవు.

ఇంతా విన్నాక కూడా కొంతమంది రాయరు. వాళ్ళ కారణం తీరిక కాదు, బద్ధకమూ కాదు. ముఖ్యంగా ఉమ్మడి కుటుంబాల్లో ఉన్న ఆడవాళ్ళు, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు బయటికి చెప్పరు గానీ, ఎవరైనా చదువుతారేమోనన్న భయం ఉంటుంది. అత్తగారు చదివితే? ఆయన చదివితే? ఆ భయం ఉత్తది కాదు. ఎదిగిన పిల్లల డైరీలు చాటుగా చదివే తల్లిదండ్రులూ ఉన్నారు. అది మంచి పని కాదని వాళ్ళకు ఈ రేడియో ముఖంగానే చెబుతున్నాను.

ఈ భయం ఉన్నవాళ్ళు రెండు రకాలుగా రాసుకోవచ్చు. ధరలు, రాకపోకలు, ఊరి సంగతులు ఎవరు చదివినా ఫర్వాలేని పుస్తకంలో పెట్టండి. మనసులో రగిలేవి ఫోన్లో పాస్‌వర్డు పెట్టిన నోట్సులో రాసుకోండి. ఫోను కూడా నలుగురి చేతుల్లో తిరిగే ఇల్లయితే కాగితం మీద రాసి చించెయ్యండి, రాయడం వల్ల వచ్చే తేలిక ఎలాగూ వచ్చేస్తుంది. చించడం ఇష్టం లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. వంటల పుస్తకం ఉంటుంది కదా, ఆవకాయ కొలతలు, మైసూరుపాకు పాకం రాసుకున్నది. దాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టండి. చాలా ఇళ్ళలో ఆ పుస్తకాన్ని మీరు తప్ప ఇంకెవరూ తెరవరు.

సెలవు. నమస్కారం.