ఏ నీళ్లు తాగమంటారు?

పెద్దలకు, కావలి పాఠక మిత్రులకు, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. మాది కందుకూరు. 2022లో మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారింది, ఆ తరువాత మళ్లీ ప్రకాశంలోనే కలిసింది. మా వంట మాత్రం మారలేదు కాబట్టి రెండు జిల్లాల తరఫునా మాట్లాడతాను, కాదనకండి.

ఆహారం, ఆరోగ్యం గురించి రాసేవాళ్ల కోసం హైదరాబాద్‌లో జరిగిన ఒక సదస్సుకు ఈమధ్య వెళ్లివచ్చాను. అక్కడ ఏం నేర్చుకున్నారో చెప్పమని కార్యదర్శి గారు పిలిచారు. వేదిక మీద విన్నది కొంత ఉంది. వేదిక కింద చూసింది అంతకన్నా ఎక్కువే ఉంది.

ముందు సంచి సంగతి చెప్పాలి. పేరు నమోదు చేయించుకోగానే అందరి చేతికీ ఒక గుడ్డ సంచి ఇచ్చారు. ప్రొటీన్ పొడి, చిరుధాన్యాల బిస్కెట్లు, గులాబీ రంగు ఉప్పు, ఒంట్లోని విషాలను కడిగేస్తుందని చెప్పే ఒక టీ పొడి. అన్నీ ఉచితం. మధ్యాహ్నం ఒక పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలను వివరించారు. మొత్తం 17 సూత్రాలు. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని అందులో స్పష్టంగా ఉంది. ఆ మాట వింటున్నప్పుడు ఆ పొడి డబ్బా మా అందరి ఒళ్లోనే ఉంది! ప్రకాశం జిల్లాలో పండే శనగలు గుప్పెడు నానబెట్టుకుని తినేవాళ్లకు ఆ డబ్బా దేనికో నాకు అర్థం కాలేదు.

బిస్కెట్ల పొట్లం తిప్పి వెనక చదివాను. మీరూ అలవాటు చేసుకోండి. తయారీలో ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరే ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. ఆ పొట్లం మీద మొదట మైదా, తరువాత చక్కెర, ఆ తరువాత నూనె. కొర్రలు నాలుగో స్థానంలో ఉన్నాయి. ముందు వైపు బొమ్మలో మాత్రం కొర్ర కంకులే కనిపించాయి.

ఇక గులాబీ ఉప్పు. ఇస్కపల్లి ఉప్పు మడులున్న జిల్లావాళ్లకు ఎక్కడినుంచో ఉప్పు తెచ్చి అమ్మడం వ్యాపారంలో గొప్పతనమే, ఒప్పుకుంటాను. రంగు ఏదైనా ఉప్పులో ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలిపారో లేదో పొట్లం మీద చూసుకోవాలి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు ఉన్న ఇంట్లో ఆ చెంచా మధ్యాహ్న భోజనానికే ఖాళీ అవుతుంది. చేపల పులుసు జోలికి నేను రాను, నెల్లూరు జిల్లాలో మాట్లాడుతున్నాను కదా. దాని పక్కన నంజుకునే అప్పడం గురించే నా బెంగ.

సంచి ఇచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. సంచి తీసుకుని ఆ విషయం దాచి రాసేవాళ్ల మీదే కోపం. డబ్బుగానీ వస్తువుగానీ తీసుకుని ఒక సరుకును మెచ్చుకుంటే, ఆ సంగతి చూసేవారికి తెలిసేలా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో నిబంధనలు ప్రకటించింది. అంతకన్నా పాత చట్టం ఇంకొకటి ఉంది, 1954 నాటిది. మధుమేహాన్ని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే దాని ప్రకారం నేరం. అయినా మన ఫోన్లకు రోజూ ఏం వస్తున్నాయో మీకు తెలుసు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికివచ్చిన పాఠం ఒక ప్రశ్న రూపంలో వచ్చింది. ఒక వక్త తెర మీద పెద్ద అక్షరాలతో 'రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగండి' అని చూపించారు. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక ఆరోగ్య కార్యకర్త లేచి, "ఏ నీళ్లు తాగమంటారు మేడమ్?" అని అడిగింది. హాలులో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

కనిగిరి, పామూరు ప్రాంతాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదని భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద మరకలు పడతాయి, తరువాత ఎముకలు గట్టిపడి కీళ్లు వంగవు. అలాంటి బోరు నీళ్లు మూడు లీటర్లు తాగడం ఆరోగ్య సూత్రమా? కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, శుద్ధి యంత్రాలు ఉన్నాయి. అక్కడి ఇళ్లలో చాలావరకు క్యాన్ నీళ్లు కొంటున్నారు. అంటే మనం ఉచితంగా ఇచ్చామనుకునే సలహాకు వాళ్లు రోజూ డబ్బు కడుతున్నారు.

అన్నం విషయమూ అంతే. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం దాటకూడదని ఆ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెన్నా కాలువల కింద పుట్టినవాళ్లకు ఈ మాట చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. మెట్ట ఊళ్లలో ఒకప్పుడు కొర్రన్నం తిన్నవాళ్లే రేషన్ బియ్యానికి అలవాటు పడ్డారు. ఇప్పుడు కొర్రలు బియ్యం కన్నా ఖరీదు. కూలికి పోయే మనిషికి కొర్రలు తినమని రాసేముందు అంగడికి వెళ్లి ధర కనుక్కోవాలి. కాస్త పప్పు చిక్కగా వండుకోండి, మునగాకు కలపండి అంటే ఆ ఇంట్లో ఈ రాత్రికే అయ్యే పని.

ఈ జిల్లాలో ఆరోగ్యం గురించి వచ్చిన అత్యంత బలమైన రచన ఏది? నన్నడిగితే, వయోజన విద్య వాచకంలో సారా మీద వచ్చిన పాఠం. సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమంలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు దాన్ని చదివారు. ఇక్కడికి దగ్గరలోని దూబగుంటలో రోశమ్మ గారూ ఇతర మహిళలూ 1990ల తొలినాళ్లలో సారా అంగళ్లను మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. సారా తాగితే కాలేయం చెడిపోతుందని చెబితే ఇంత జరిగేదా? వాళ్ల ఇంటి కథే వాళ్లకు అక్షరాల్లో కనిపించింది.

రాతకు ఇంకో రకం బలం కూడా ఉంది. 2021 మే నెలలో, కరోనాకు ఆనందయ్య ఇస్తున్న నాటుమందు కోసం కృష్ణపట్నానికి జనం వేలాదిగా ఎలా వచ్చారో గుర్తుంది కదా. ఆ మందు గుణదోషాల చర్చ ఇక్కడ పెట్టను. ప్రభుత్వం పంపిణీని ఆపించి పరీక్షలు చేయించింది. ఒకరినొకరు తాకకూడదన్న రోజుల్లో భుజం భుజం రాసుకునేలా జనాన్ని నడిపించిన వీడియోలు తీసినవాళ్లు మాత్రం ఆరోగ్యం గురించే మాట్లాడుతున్నామనుకున్నారు.

సదస్సు గురించి ఇంకొక్క చిన్న సంగతి. ఎక్కువసేపు కూర్చోవడం ప్రమాదమన్న ఉపన్యాసాన్ని గంటన్నర కదలకుండా కూర్చుని విన్నాం. మీకు ఆ శిక్ష వేయను. లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని ప్రశ్నలు అడగండి. బరువు తగ్గే పొడి ఏది మంచిదని మాత్రం అడగకండి. ఆ సంచి ఇంకా మా ఇంట్లోనే ఉంది, అడిగినవాళ్లకు ఇచ్చేస్తాను.