బ్రిస్టల్‌లో ఎవరో పట్టుబట్టి మిగిల్చినవి

అందరికీ నమస్కారం.

ఈ ఏడాది చదువు కోసం బ్రిస్టల్ వచ్చిన మన పిల్లలకి ఊరు పరిచయం చేయమన్నారు. క్లిఫ్టన్ వేలాడే వంతెన గురించి నేను చెప్పను. అక్కడ మీరంతా ఈపాటికే ఫొటోలు దిగి ఉంటారు. మీరు రోజూ నడిచే దారుల పక్కనే ఉండి కూడా ఎవరూ ఆగి చూడని చోట్లు కొన్ని ఉన్నాయి. కూల్చేయడమో, తీసి పారేయడమో తేలికైనా వాటిని ఉండనిచ్చారు. అందుకే నాకవి వంతెన కన్నా ఎక్కువ ఇష్టం.

కార్న్ స్ట్రీట్‌లో ఎక్స్ఛేంజ్ భవనం మీది గడియారం చూడండి. దానికి నిమిషాల ముళ్లు రెండు. సూర్యుడి లెక్కన బ్రిస్టల్ టైము లండన్ కన్నా పది నిమిషాలు వెనక. రైళ్లేమో లండన్ టైము ప్రకారం నడిచేవి. 1852 దాకా ఊరు తన టైము వదులుకోలేదు. ఎర్ర ముల్లు లండన్‌ది, నల్ల ముల్లు ఊరిది. రైలెక్కాల్సినవాళ్లు నల్ల ముల్లును నమ్ముకుంటే అంతే సంగతులు!

టెంపుల్ మీడ్స్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో టెంపుల్ చర్చి ఉంది. 1940 నవంబరులో బాంబులు పడి లోపలంతా కాలిపోయింది, గోడలు మిగిలాయి. దాని గోపురం మీటరున్నరకు పైగా ఒరిగి ఉంటుంది. బాంబుల వల్లే ఒరిగిందనుకుని సైన్యం వాళ్లు కూల్చేయబోతే, అది వందల ఏళ్లుగా అలాగే ఉందని స్థానికులు చెప్పి ఆపారట. కింద మెత్తటి నేల కావడంతో కడుతుండగానే కుంగింది. పై అంతస్తు తర్వాత కట్టినవాళ్లు దాన్ని నిటారుగా లేపడానికి చూశారు. కాసేపు నిలబడి చూస్తే ఆ వంపు మారిన చోటు మీకే తెలుస్తుంది.

సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చి ఆవరణలో, గడ్డిలో దిగబడిన ఇనుప పట్టా ఒకటి కనిపిస్తుంది. అది ట్రామ్ పట్టా. 1941 ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే రాత్రి, రెడ్‌క్లిఫ్ హిల్ మీద పడిన బాంబు దాన్ని ఇళ్ల మీదుగా విసిరేసింది. చర్చి ఎంతలో తప్పించుకుందో గుర్తుండాలని దాన్ని తీయకుండా వదిలేశారు.

ఇక ఆర్నోస్ వేల్. 1839లో తెరిచిన శ్మశానవాటిక. 1980లలో దాని యజమాని కొంత భాగంలో ఇళ్లు కట్టాలనుకుంటే ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2003లో నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. ఆ పోరాటమే లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు భయమేస్తుంది, ఎందుకంటే రాజా రామమోహన్ రాయ్ సమాధి అక్కడే ఉంది. 1829లో సతిని నిషేధించాక, ఆ నిషేధాన్ని ఎత్తేయమని కొందరు లండన్‌లో ప్రివీ కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి నుంచి వచ్చే అప్పీళ్లు వినే రాజుగారి సలహా మండలికి, వెళ్లారు. వాళ్ల మాట నెగ్గకుండా చూడటం కూడా ఆయన సముద్రం దాటి రావడానికి ఒక కారణం. 1832లో అప్పీలు కొట్టేశారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 27న, బ్రిస్టల్ పక్కన స్టేపుల్టన్‌లో అతిథిగా ఉండగా కన్నుమూశారు. ముందు ఆ ఇంటి తోటలోనే ఖననం చేశారు. 1843లో ద్వారకానాథ్ టాగూర్ చొరవతో ఇక్కడికి మార్చారు. పైన రాతి ఛత్రి కట్టారు. ఇంగ్లీషు సమాధుల మధ్య మన దేశపు గుడి మండపంలా నిలబడి ఉంటుంది.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు నడిచింది ఈయన మొదలుపెట్టిన బ్రహ్మసమాజ మార్గంలోనే. 1881లో పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహానికీ ఈ ఛత్రికీ మధ్య ఉన్న బంధుత్వం ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. నా బాధంతా అదే.

టెంపుల్ మీడ్స్ నుంచి బాత్ రోడ్డు పట్టుకుంటే నడిచే వెళ్లొచ్చు. వర్ధంతి రోజుల్లో సమాధి దగ్గర సభ జరుగుతుంటుంది. ఈ సెప్టెంబరులో మీలో కొందరైనా రండి. పంతులుగారి పేరు అక్కడ ఒక్కరైనా పలకాలి.