రెండో అంకె ఎవరికి? బరంపురం స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. కొన్ని ఎన్నికల్లో అభ్యర్థుల పేర్ల ఎదుట మన ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాం. అందులో రెండో ప్రాధాన్య ఓటంటే అర ఓటు కింద లెక్కా అని మొన్న ఒక శ్రోత అడిగారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: అర ఓటు కాదండీ, పూర్తి ఓటే. మనం 1 వేసిన అభ్యర్థిని వెనకబడ్డారని పోటీలోంచి తీసేశాకే 2 ఎవరికి వేశామో చూస్తారు. అంతవరకు దాని జోలికి పోరు. మా తరగతిలో విహారయాత్ర ఎక్కడికని నలభై మంది చేత ఇలాగే చీటీలు రాయించాను. గోపాల్‌పూర్‌కు 17, తప్తపానికి 14, మహేంద్రగిరికి 9 వచ్చాయి. సగం దాటాలంటే 21 కావాలి, ఎవరికీ లేవు. అందరికన్నా వెనకున్న మహేంద్రగిరిని తీసేసి ఆ తొమ్మిది చీటీలూ మళ్లీ తెరిచాం. ఏడు చీటీల్లో 2 అంకె తప్తపానికి ఉంది, ఒకదానిలో గోపాల్‌పూర్‌కు. ఇంకొక కుర్రవాడు 1 వేసి ఊరుకున్నాడు, అతని చీటీ పక్కకు పోయింది. తప్తపాని 21, గోపాల్‌పూర్ 18.

న్యాయవాది: ముందున్నది ఓడిపోయిందన్నమాట. జనానికి ఇది మింగుడుపడదమ్మా. నాకే పడటం లేదు.

అధ్యాపకురాలు: నలభైలో 23 మంది గోపాల్‌పూర్‌ను మొదట కోరుకోలేదు కదండీ?

మాస్టారు: ముందున్నవారు ఓడిపోతారని కూడా లేదు. 1969 రాష్ట్రపతి ఎన్నిక చూడండి. మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఒకవైపు, నీలం సంజీవరెడ్డి ఒకవైపు, మధ్యలో సి.డి.దేశ్‌ముఖ్. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఇవి మనుషుల లెక్క కాదు, ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లకు కట్టిన విలువ. గెలుపు కోటా, అంటే చెల్లిన మొత్తంలో సగం దాటే లెక్క, 4,18,169. గిరి అంత ముందుండి కూడా కోటా అందుకోలేదు.

వ్యాఖ్యాత: తర్వాత?

మాస్టారు: వెనకబడ్డ మిగతా అభ్యర్థులను ఒక్కొక్కరినే తీసేస్తూ వచ్చారు. చివరికి దేశ్‌ముఖ్ ఓట్లు కూడా పంచాక గిరికి అదనంగా వచ్చినవి 18,562, రెడ్డికి ఏకంగా 91,879. అయినా గిరి 4,20,077తో గట్టెక్కారు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. అటూ తెలుగువారే, ఇటూ తెలుగువారే! మా ఇంట్లో ఆ రోజు రేడియో దగ్గర రెండు జట్లు.

న్యాయవాది: ఎంపీలకు, ఎమ్మెల్యేలకు సరే. లక్షల మంది ఓటర్లయితే? 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ శాసన మండలి పట్టభద్రుల స్థానంలో 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం దినపత్రికంత ఉంది. లెక్కింపు మార్చి 17న మొదలైతే ఫలితం 20న తేలింది. 2022లో మన నగర మేయరును జనం నేరుగా ఎన్నుకున్నారు. అక్కడ ఎవరికి ఎక్కువ వస్తే వారిదే గెలుపు, చిక్కే లేదు.

అధ్యాపకురాలు: చిక్కు లేకపోవడమే గొప్పా? నలుగురు పోటీపడితే మూడో వంతు ఓట్లతోనే గెలవవచ్చు. కాస్త ఓపిక పడితే పోయేదేముంది?

వ్యాఖ్యాత: ఒడిశాలో విధాన పరిషత్తు, అంటే శాసన మండలి, లేదు కాబట్టి మన ఓటర్లకు ఈ పత్రం అలవాటు లేదు. మాస్టారూ, మీరు ఇచ్ఛాపురంలో పనిచేసినప్పుడు ఉపాధ్యాయుల స్థానానికి ఓటేశారు కదా?

మాస్టారు: వేశాను, మొదటిసారి చెడగొట్టాను కూడా. అక్కడ ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు, దానితోనే రాయాలి. నేను అలవాటు కొద్దీ టిక్కు పెట్టాను. అంకె లేకపోతే ఓటు చెల్లదు. తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. ఇద్దరికి 1 వేసినా అంతే. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు రాయించినవాణ్ణి, నాకే అంకె వేయడం రాలేదు!

న్యాయవాది: చూశారా, నేను చెప్పేది అదే.

వ్యాఖ్యాత: 2 వేస్తే మనం 1 వేసినవారికి నష్టమని కొందరు వేయరట?

అధ్యాపకురాలు: అది భయమేనండీ. ఆయన పోటీలో ఉన్నంతసేపు మీ 2ను ఎవరూ లెక్కపెట్టరు. రెండోది వేయకపోయినా ఓటు చెల్లుతుంది, కానీ ఆయన తప్పుకుంటే మీ మాట అక్కడితో సరి.

మాస్టారు: అన్నట్టు, ఆ చీటీ పక్కకు పోయిన కుర్రవాడు యాత్రకు వచ్చాడా?

అధ్యాపకురాలు: వచ్చాడు. తప్తపాని చేరేదాకా బస్సు కిటికీ వదలలేదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టమంటే, ‘నేను గోపాల్‌పూర్‌కు 2 వేయాల్సింది మేడం’ అన్నాడు.

న్యాయవాది: వేసినా 19 కదమ్మా అయ్యేది!